చప్పట్లు కొట్టిన చేతులు

ఆ మధ్య మా అమ్మాయి ఒక వీడియో పంపింది. మోహినీ డే బేస్ గిటార్ వాయిస్తోంది. నోటితో కొన్నక్కోల్ జతులు చెప్తూ, అవే జతుల్ని అక్షరం పొల్లుపోకుండా తీగల మీద పలికిస్తోంది. "అమ్మా, ఎంత ఇన్‌స్పైరింగ్‌గా ఉందో చూడు" అని కింద రాసింది అమ్మాయి. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ నోరు తెరుచుకునే చూశాను. "అద్భుతం" అని జవాబు పెట్టి, ఫోన్ పక్కన పడేసి పప్పులోకి పోపు వేసుకోవడానికి వెళ్ళిపోయాను. అమ్మాయి పైచదువులకి వెళ్తూ వదిలేసిన బేస్ గిటార్ హాల్లో బీరువా పక్కన గోడకి ఆనుకునే ఉంది. దానివైపు చూడనైనా చూడలేదు.

ఇది నన్ను చాలా రోజులు తొలిచింది. మోహినీ డే ముంబయిలో పుట్టిన బెంగాలీ అమ్మాయి. తండ్రీ బేస్ వాద్యకారుడే. మూడేళ్ళ వయసులోనే ఆయన దగ్గర మొదలుపెట్టి, పాతికేళ్ళు నిండకముందే ఎ.ఆర్. రెహమాన్ పక్కన నిలబడి వాయించింది. మగవాళ్ళు గుంపులుగా కూర్చుని వేగం లెక్కలు వేసుకునే చోట, ఒక ఆడపిల్ల వాళ్ళ లెక్కలన్నీ తలకిందులు చేసింది. స్త్రీవాదినని చెప్పుకునే నేను పొంగిపోవాలి కదా! పొంగిపోయాను కూడా. కానీ ప్రేరణ? ఒక్క రవ్వ లేదు.

ముందు నాలో ఏదో తేడా ఉందనుకున్నాను. అసూయేమోనని తడిమి చూసుకున్నాను. అసూయ కాదు. జాకో పాస్టోరియస్‌ని విన్నా నాకు ఇంతే అవుతుంది మరి. 1976లో వచ్చిన ఆయన మొదటి ఆల్బమ్ 'డోనా లీ'తో మొదలవుతుంది. శాక్సఫోన్ మీద వాయించడానికే కష్టమైన ఆ స్వరాల పరుగుని, పక్కన కాంగా డప్పులు తప్ప ఇంకేమీ లేకుండా, మెట్లు పీకేసిన బేస్ మీద వాయించేశాడు. వీణ తెలిసినవాళ్ళకి చెప్తే అర్థమవుతుంది - మెట్లు తీసేస్తే స్వరస్థానం ఎక్కడుందో వేలికి చెప్పేది ఏదీ ఉండదు. చెవే చెప్పాలి. అంతటి పని చేసిన మనిషి ఆయన. వింటే దణ్ణం పెట్టబుద్ధవుతుంది. దణ్ణం పెట్టడానికి రెండు చేతులూ కావాలి కదా, అక్కడే వచ్చింది చిక్కు.

ఒక్కచోట మాత్రం జాకో నన్ను కదిలిస్తాడు. అదే 1976లో జోనీ మిచెల్ తెచ్చిన 'హెజీరా' ఆల్బమ్‌లో నాలుగు పాటలకి ఆయన బేస్ వాయించాడు. అక్కడ ఆయన ఒక స్త్రీ చెప్పే మాటల్ని వింటున్నాడనిపిస్తుంది. ఆమె ఆగినచోట తను పలుకుతాడు.

అసలు బేస్ అంటే మనలో చాలామందికి తెలియకుండానే విన్న వాద్యం. ఇళయరాజా పాటలు విన్న ప్రతి తెలుగు ఇల్లూ దాన్ని విన్నట్టే. 'గీతాంజలి' పాటల్లో గొంతు కింద ఇంకో పాట నడుస్తూ ఉంటుంది, వినిపించీ వినిపించకుండా. ఇంట్లో అమ్మ పనిలాంటిది. జరుగుతున్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు, ఆగితే మాత్రం ఇల్లంతా బోసిపోతుంది. (ఈ పోలిక అతిగా వాడేశామని నాకూ తెలుసు. కానీ బేస్ విషయంలో ఇంతకంటే సరైనది దొరకలేదు.)

రాక్ బృందాల్లో కూడా అది ఎవరూ కోరుకోని కుర్చీ. బీటిల్స్‌లో స్టువర్ట్ సట్‌క్లిఫ్ వెళ్ళిపోతే 1961లో ఆ పని పాల్ మెకార్ట్నీ మీద పడింది. మగపిల్లలందరికీ గిటార్ కావాలి, ముందు నిలబడాలి. మేరీ ఆన్ క్లాసన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1999లో 'జెండర్ అండ్ సొసైటీ' పత్రికలో దీనిమీదే ఒక వ్యాసం రాసింది. ప్రత్యామ్నాయ రాక్ బృందాల్లో స్త్రీలు ఎక్కువగా బేస్ దగ్గరే ఎందుకు కనిపిస్తారన్నది ఆమె ప్రశ్న. మగవాళ్ళకి అక్కర్లేక ఖాళీగా ఉన్న చోటు కాబట్టి, త్వరగా నేర్చుకుని బృందంలో చేరిపోవచ్చు కాబట్టి. అలా దొరికిన దారిని, స్త్రీల స్వభావానికి బేస్ సరిపోతుందని తర్వాత అందరూ కలిసి వ్యాఖ్యానించడం మొదలుపెడతారు. వంటిల్లు మనకి సహజం అన్నట్టే!

ఆ ఖాళీ కుర్చీలోకి వచ్చిన స్త్రీల దగ్గరే నా చేతులు కదిలాయి. టాకింగ్ హెడ్స్ బృందానికి బేస్ వాయించేవాళ్ళు దొరకకపోతే టీనా వేమౌత్ అప్పటికప్పుడు నేర్చుకుంది, సుజీ క్వాట్రో రికార్డులు వింటూ. రికార్డు కంపెనీతో ఒప్పందం అయ్యాక కూడా బృందంలోని డేవిడ్ బర్న్ ఆమెకి మళ్ళీ పరీక్ష పెట్టాడట. ఆ పరీక్ష సంగతి అలా ఉంచితే, 1977లో 'సైకో కిల్లర్' మొదలయ్యేది ఆమె బేస్‌తోనే. నాలుగు అడుగులు నడిచినట్టు ఉంటుంది. కిమ్ డీల్ కథ ఇంకా బావుంటుంది. 1986లో బోస్టన్‌లో పిక్సీస్ వాళ్ళు బేస్ వాయించేవాళ్ళు కావాలని పత్రికలో ప్రకటన ఇస్తే వచ్చిన మనిషి ఈమె ఒక్కతే. అప్పటికి బేస్ వాయించడం రాదు, చేతిలో బేసూ లేదు. కవల సోదరి దగ్గర అడిగి తెచ్చుకుంది. మొదటి రెండు రికార్డుల మీద తన పేరు 'మిసెస్ జాన్ మర్ఫీ' అని వేయించుకుంది - భర్త పేరుతో పిలిపించుకోవడమే గౌరవం అనుకునే ఆడవాళ్ళ లోకం మీద వెటకారంగా. 1988 నాటి 'గిగాంటిక్' పాటలో ఆమె వాయించే స్వరాలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తొందర లేదు, క్షమాపణా లేదు. తర్వాత ఆమె నడిపిన బ్రీడర్స్ బృందంలో జోసెఫీన్ విగ్స్ 1993లో 'కానన్‌బాల్' మొదట్లో వాయించిన బేస్‌లో ఒక స్వరం తప్పు. సాధనలో పొరపాటున దొర్లింది. బావుందని అలాగే ఉంచేశారు. తప్పుతో మొదలైన ఆ పాటే వాళ్ళ అన్ని పాటల్లోకీ పేరు తెచ్చుకుంది.

ఇదంతా ఫోన్లో చెప్తే మా అమ్మాయి ఊరుకోలేదు. "అంటే ఆడవాళ్ళు తేలిగ్గా వాయిస్తేనే నీకు ముద్దొస్తుందా? బాగా వచ్చినవాళ్ళని దేవతల్ని చేసి గూట్లో పెట్టేస్తావా?" అంది. నిజంగా గట్టి ప్రశ్న. స్త్రీల నైపుణ్యాన్ని ఒప్పుకోకుండా వాళ్ళ అమాయకత్వాన్ని మెచ్చుకోవడం మగ విమర్శకులు ఎప్పటినుంచో చేస్తున్న పనే. నేనూ అదే చేస్తున్నానా?

అప్పుడు గుర్తొచ్చింది కేరల్ కే. 1935లో పుట్టిన ఈవిడ జాజ్ గిటారిస్టు. కుటుంబాన్ని పోషించుకోవడానికి లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో కూలికి వాయించింది. 1963లో ఒకరోజు బేస్ వాయించాల్సినతను రాకపోతే ఆ పని అందుకుంది. ఇక వదల్లేదు. 10 వేల రికార్డింగులని ఆవిడే చెప్పే లెక్క. 1969లో బేస్ ఎలా వాయించాలో పుస్తకం కూడా రాసింది. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు ఎంపిక చేస్తే, స్టూడియో వాద్యకారులు చేసే పనికి అది అద్దం పట్టదని, రానని చెప్పేసింది. నైపుణ్యంలో ఈవిడ ఎవరికీ తీసిపోదు. అయినా ఈవిడ బేస్ వింటే నాకు చేతులు దురద పెడతాయి. కాబట్టి తేడా కష్టానికీ తేలికకీ మధ్య లేదు. కేరల్ కే వాయిద్యంలో నాకు పని వినిపిస్తుంది. పొద్దున్నే వెళ్ళి, పాటకి ఏం కావాలో చూసి, ఇచ్చి, ఇంటికొచ్చిన మనిషి వినిపిస్తుంది. పని నాకు తెలుసు. పోటీ తెలీదు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. నేను ఎనిమిదేళ్ళు వీణ నేర్చుకున్నాను. మా మాస్టారు ప్రతి పాఠంలోనూ మహా విద్వాంసుల కథలు చెప్పి, "వాళ్ళ కాలిగోటికి సరిపోతారా మీరు?" అనేవారు. భక్తితో తలలూపేవాళ్ళం. పెళ్ళయ్యాక అత్తగారింట్లో మొదటి ఏడాది సాయంత్రం పూట అరగంట వాయించేదాన్ని. ఎవరూ వద్దనలేదు. "ఇప్పుడు సాధన చేసి పెద్ద విద్వాంసురాలివి అవుతావా ఏమన్నా?" అని మాత్రం అన్నారు, అదీ నవ్వుతూనే. నిజమే అనిపించింది. ఆ మహానుభావుల మీద నాకున్న ఆరాధనే వాళ్ళ తరఫున వాదించింది. వీణ అటకెక్కింది. ఆ ఇంట్లోనే మా మరిది తబలా కొనుక్కుని పదిహేనేళ్ళు అపతాళంలో వాయించాడు. జాకీర్ హుస్సేన్ అవుతావా అని అతన్ని ఎవరూ అడగలేదు. అతనికి సరదా. నాకైతే ఆ అరగంటకి లెక్క చెప్పాలి, గొప్పదనంతో చెల్లు వేయాలి.

చెడ్డగా వాయించే హక్కు అని ఒకటుందని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. కిమ్ డీల్ చెప్పింది. కాదు, ఆమె చెడ్డగా వాయించదు. చెడ్డగా ఉంటుందేమోనన్న భయం ఆమె వాయిద్యంలో లేదు.

చదువులోనూ నాకు ఇలాగే జరిగింది. 'వేయిపడగలు' చదివి విశ్వనాథకి నమస్కారం పెట్టి పుస్తకం మూశాను. అబ్బూరి ఛాయాదేవి 'సుఖాంతం' చదివాక మాత్రం - కంటినిండా నిద్ర దొరకని ఆడదాని కథ అది - కాగితం కోసం వెతుక్కున్నాను. రెండింట్లో ఏది గొప్ప రచన అని అడిగితే నా దగ్గర జవాబు లేదు, అవసరమూ లేదు.

మోహినీ డే వీడియో ఇంకోసారి చూశాను. ఈసారి వేళ్ళని కాకుండా ముఖాన్ని చూశాను. ఒకచోట కష్టమైన మలుపు తిరిగి వచ్చాక ఆ పిల్ల తనలో తనే నవ్వుకుంది. ఎవరికోసమూ కాదు ఆ నవ్వు. చాలా నచ్చింది. అయినా ఆమె నాకు దూరంగానే ఉంది. ఆమెని అలా ఉండనిస్తాను. నేను వాయించడానికి ఆమె పూచీ పడాల్సిన పని లేదు.

బేస్ తీగలు వీణ తీగలకంటే చాలా లావు. ఎడమచేతి వేళ్ళు పొక్కులు కట్టాయి. 'గిగాంటిక్' మొదటి వరస వారం రోజులకి పట్టుబడింది, మూడో స్వరం దగ్గర ఇప్పటికీ చెయ్యి జారుతోంది. నిన్న ఫోన్ స్పీకర్ మీద పెట్టి అమ్మాయికి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అమ్మా, రెండో తీగ శ్రుతిలో లేదు" అంది. ఎలా బిగించాలో అడిగి చెప్పించుకున్నాను.