కడియం తొడిగే చేతులు

తమిళనాడు తీరాన కోడియక్కరైలో, ఉప్పుమళ్ల పక్కన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్లు ఏళ్లుగా పిట్టల కాళ్లకు కడియాలు తొడుగుతున్నారు. చూడటానికి చిన్న పనే. చేసేవాళ్లకు మాత్రం వేళ్లకొసన ప్రాణం!

పిట్ట ఏ వైపునుంచి వలలో దూరిందో చూసి, ఆ వైపునుంచే విడిపించాలి. మెడను రెండు వేళ్ల మధ్య వదులుగా నిలిపి, అల్యూమినియం కడియాన్ని సందు లేకుండా నొక్కాలి. తర్వాత గొంతు కింద ఈకల మీద మెల్లగా ఊదుతారు. ఈకలు విడిపోయి పల్చని చర్మం కనిపిస్తుంది. అక్కడ పసుపుపచ్చగా కొవ్వు పేరుకుందంటే ప్రయాణం దగ్గరపడ్డట్టే. సైబీరియా నుంచి వచ్చిన బుల్లి ఉల్లంకికి తిరుగు ప్రయాణపు సద్దిమూట అదే.

ఇక్కడ ఎండ మండుతుంటే అక్కడ మంచు కరుగుతోందని దానికెవరు చెప్పారు? జర్మనీలో ఎబర్‌హార్డ్ గ్విన్నర్ అనే శాస్త్రవేత్త వలస పిట్టలను నెలల తరబడి 12 గంటల వెలుతురు, 12 గంటల చీకటిలో ఉంచి చూశారు. అయినా వేళకు ఈకలు మార్చాయి, ప్రయాణపు ఆరాటం చూపాయి. గడియారం లోపలే ఉంది. కాకపోతే అది సరిగ్గా 12 నెలలకు తిరగదు. పగటి నిడివి దాన్ని ఏటా సరిదిద్దుతుంది.

1899లో డెన్మార్క్ బడిపంతులు మోర్టెన్‌సెన్ గోరింకల జాతి పిట్టలతో మొదలుపెట్టిన పని ఈ కడియాలు తొడగడం. మీకెక్కడైనా కడియమున్న పిట్ట చనిపోయి కనిపిస్తే, కడియం మీది అంకెలు రాసుకుని ముంబైలోని ఆ సొసైటీకి తెలియజేయండి.