కోవిన్ వెబ్‌సైటు - చూపులేని పౌరుడు

వెబ్‌సైటును విమర్శించుట ఏమిటని కొందరు పాఠకులకు తోచవచ్చును. పుస్తకమునకు, నాటకమునకు గుణదోషములు ఎంచుచున్నాము గదా! ప్రజల ప్రాణములతో ముడిపడిన సాధనమును అంతకంటె శ్రద్ధగా పరీక్షింపవలసి యున్నది. 2021 లో మన దేశమున కోవిడ్ టీకాకు దారి చూపిన కోవిన్ అట్టి సాధనము. ఆ సంవత్సరం మే 1 నుండి 18-44 సంవత్సరముల వయస్సువారు టీకా పొందవలెనన్న, మొదట కోవిన్‌లో పేరు నమోదు చేసికొని, కేంద్రమును, వేళను ఎన్నుకొనవలసి వచ్చినది. నేరుగా పోయి వరుసలో నిలబడు వీలు తొలి వారములలో వారికి లేదు. కనుక అది కేవలం సమాచార పత్రము కాదు, ఆస్పత్రి గుమ్మమే.

చూపులేనివారు ఈ గుమ్మమును ఎట్లు దాటుదురు? స్క్రీన్ రీడర్ అను ప్రోగ్రాము తెరమీది మాటలను వరుసగా చదివి వినిపించును. మౌసు వారికి పనికిరాదు; దాని బాణము ఎక్కడ ఉన్నదో కనిపించదు గదా! కీబోర్డు మీద టాబ్ మీటను నొక్కుచు ఒక్కొక్క బొత్తాము మీదికి పోవుదురు. 2006 లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అను చూపులేని యువకుడు ప్రారంభించిన ఎన్.వి.డి.ఎ. అను స్క్రీన్ రీడరు నేడు ఎవరికైనను ఉచితముగా దొరకును. అయితే ఈ ప్రోగ్రాములు ప్రధానముగా ఆధారపడునది తెరమీది రూపముపై కాదు, దాని వెనుక వ్రాసిపెట్టిన గుర్తులపై. ‘ఇది బొత్తాము, దీని పేరు వెదకుము’ అని వెనుక వ్రాసి ఉన్నచో అట్లే వినిపించును. ఆ గుర్తు లేకుండ బొత్తామువలె కనిపించు రంగు డబ్బా మాత్రమే పెట్టినచో, అది గోడమీద చిత్రించిన తలుపు వంటిది. చూచువారికి తలుపే, తడుముకొను చేతికి గోడ.

2021 మే 31 నాటి ఉత్తర్వులో సుప్రీంకోర్టు (న్యాయమూర్తులు డి.వై. చంద్రచూడ్, ఎల్. నాగేశ్వరరావు, ఎస్. రవీంద్ర భట్) కోవిన్‌లోని ఇట్టి లోపములను ఒక్కొక్కటిగా ఎత్తిచూపినది. మొదటిది కాప్చా. దొంగ ప్రోగ్రాములు వేళలను కాజేయకుండ, వంకరటింకర అక్షరములను చూచి వ్రాయుమని అడుగు పరీక్ష ఇది. వినిపించు పద్ధతి పెట్టలేదు. యంత్రమును ఆపుటకు పెట్టిన కాపలా మనిషినే ఆపినది. తరువాత వయస్సు, టీకా పేరు, ఉచితమా వెల ఇచ్చునదా అని ఏరుకొనుటకు ఉంచిన ఏడు బొత్తాములు స్క్రీన్ రీడరుకు అనుకూలముగా లేవు. ఖాళీలు ఎన్ని ఉన్నవో తెలియును, ఆ ఖాళీల వివరములు తెలియవు. కీబోర్డుతో పుటలో తిరుగుటకు వీలులేదు. నిదానముగా వినుచు పోవువారికి చాలినంత వ్యవధి ఇవ్వవలెనని, నడుమ దానంతట అది బయటికి నెట్టివేయరాదని కూడ న్యాయస్థానము చెప్పినది. ఏడు బొత్తాములకు బదులు జారుడు జాబితా పెట్టవచ్చునని సూచించినది. జాబితాయే అక్కరలేదు, బొత్తామును నిజమైన బొత్తాముగా వ్రాసినను చాలునని నా అభిప్రాయము.

రంగుల తేడా సంగతిని కూడ ఆ ఉత్తర్వు పేర్కొన్నది. ఇది భౌతికశాస్త్రము. అక్షరము, దాని వెనుకటి నేల - ఈ రెంటి ప్రకాశములను కొలిచి, ఒక్కొక్కదానికి 0.05 కలిపి, పెద్దదానిని చిన్నదానితో భాగింపవలెను. తెలుపుపై నలుపు అయినచో 21 వచ్చును. వెబ్ ప్రమాణములు సాధారణ అక్షరములకు కనీసము 4.5 ఉండవలెనని చెప్పుచున్నవి. అందముగా ఉండునని తెల్లని పుటపై లేత బూడిదరంగుతో వ్రాసిన మందు వివరములు ఈ పరీక్షలో తప్పును. శుక్లములు వచ్చిన పెద్దలకు అవి కనిపించవు. వారెవ్వరును వికలాంగుల లెక్కలోనికి రాకపోవచ్చును.

కోవిన్‌ను అతి తక్కువ కాలములో నిలబెట్టినారు. ఆ శ్రమను తక్కువ చేయరాదు. కాని తెలియక జరిగినదన్న సమాధానము చెల్లదు. వెబ్ సౌలభ్య ప్రమాణముల తొలి పాఠము 1999 లోనే వెలువడినది. మన ప్రభుత్వ వెబ్‌సైటులకు మార్గదర్శక సూత్రములు 2009 లో వచ్చినవి. వికలాంగుల హక్కుల చట్టము 2016 నాటిది. 2011 జనాభా లెక్కలలో మన దేశమున వికలాంగులు 2.68 కోట్లమంది, చూపు లోపము గలవారే సుమారు 50 లక్షలు. కట్టిన తరువాత గోడ పగులగొట్టి తలుపు పెట్టుట కంటె, కట్టునప్పుడే పెట్టుట చౌక.

ఇచట తరచు వినవచ్చు జవాబు ఒకటి కలదు: ఇంటివారో స్నేహితులో చదివి పెట్టవచ్చును గదా! కోవిన్ విషయములోను, కంప్యూటరు రానివారికి బంధుమిత్రులు, స్వచ్ఛంద సంస్థలు, సేవాకేంద్రములు తోడ్పడవచ్చునని ప్రభుత్వము చెప్పినది. రైలు వేళలకు ఈ జవాబు కొంత సరిపోవచ్చునేమో! ఆరోగ్యమునకు సరిపోదు. గర్భనిరోధము, హెచ్.ఐ.వి. పరీక్ష, మానసిక వ్యాధి - వీనిని గూర్చి తెలిసికొనదలచిన యువతి అన్నగారిని పిలిచి చదివించుకొనవలెనా? కంటిచూపు ఉన్నవారు ఈ సంగతులను తలుపు వేసికొని చదువుకొందురు. అడుగుటకు సిగ్గుపడి అసలు అడుగనివారు ఏ లెక్కలోను కనిపించరు. ఇక చెవిటివారి మాట. ఏమైన సందేహమున్న 1075 నంబరుకు ఫోను చేయుడని ఆనాడు ప్రకటించినారు; వారు ఫోనులో ఏమి విందురు?

2021 జూన్‌లో కోవిన్ తెలుగులోను, మరికొన్ని భారతీయ భాషలలోను వచ్చినది. సంతోషమే. కాని తెలుగు ఆరోగ్య సమాచారమునకు వేరొక చిక్కు ఉన్నది. మా కళాశాలలో చూపులేని విద్యార్థి ఒకడు డెంగీపై ఒక కార్యాలయము వారు వెలువరించిన పి.డి.ఎఫ్. పత్రమును ఫోనులో వినబోయినాడు. తెలుగుకు బదులు అర్థములేని ఇంగ్లీషు అక్షరములు వినిపించినవి. కారణము సులభము: అది పాత డి.టి.పి. ఫాంటులో కూర్చినది. అట్టి ఫాంటులో కంటికి ‘దోమ’ అని కనిపించినను లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరముల, చిహ్నముల సంకేతములే. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991 లోనే స్థానము దొరకినది. అందులో కూర్చినచో స్క్రీన్ రీడరు చక్కగా చదువును. ఇంకను కొందరు పత్రమును ఫోటో తీసి పుటపై అంటించుదురు. బొమ్మలోని అక్షరములను పోల్చి చెప్పు యంత్రములు నేడు లేకపోలేదు. కాని మందు మోతాదులో యంత్రపు ఊహను నమ్ముదుమా?

2021 ఉత్తర్వులో కోవిన్‌కు, ఆరోగ్యసేతుకు సౌలభ్య తనిఖీ జరుపవలెనని సుప్రీంకోర్టు చెప్పినది. 2024 నవంబరు 8 న రాజీవ్ రతూరి కేసులో మరొక తీర్పు ఇచ్చుచు, సౌలభ్య ప్రమాణములను కేవలం సలహాలుగా విడిచిన 15 వ నియమము చట్టమునకు విరుద్ధమని, తప్పనిసరి ప్రమాణములను వేరుచేసి ప్రకటింపవలెనని ఆదేశించినది. తనిఖీ ఎవరు చేయవలెనన్నది మిగిలిన ప్రశ్న. దోషములను వెదకు ప్రోగ్రాములు కలవు. బొమ్మకు వివరణ ఉన్నదా లేదా అని అవి చెప్పగలవు. ఆ వివరణ పనికివచ్చునా అని చెప్పలేవు. ఓ.ఆర్.ఎస్. కలుపు విధము చూపు బొమ్మ వెనుక ‘చిత్రము 3’ అని వ్రాసినను ప్రోగ్రాము ఒప్పుకొనవచ్చును. ‘లీటరు పొట్లమును మొత్తము ఒక లీటరు శుభ్రమైన నీటిలో కలుపుట’ అని వ్రాయవలెనని చెప్పగలవాడు, బిడ్డకు విరేచనములగుచుండగా ఆ పుటను విన్న తండ్రి. తనిఖీదారులలో అట్టివారిని వేతనమిచ్చి నియమింపవలెను.