మధురవాణియు, మద్యశాలల శాసనమును

తెలుగువారు ఏ ఊరికి వలసపోయినను కొన్నింటిని తమ వెంట తీసికొని పోవుదురు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి భివండికి వచ్చిన పద్మశాలీలు మార్కండేయుని కొలువును, బతుకమ్మ పాటను, నేతపనిని తెచ్చుకొనిరి. పద్మనగరు వీధులలో మరమగ్గముల చప్పుడు నడుమ నేటికిని తెలుగు మాట వినబడుచున్నది. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము కూడ అట్లే మన సొత్తు. నృత్యము గల మద్యశాలలపై మహారాష్ట్రమున జరిగిన శాసన వివాదమును ఆ నాటకపు వెలుగులో ఒకమారు పరిశీలింపదలచితిమి. ఇది మనకు సంబంధింపని విషయమని తలచువారు, కూలి ముట్టిన రాత్రి ఎందరి ఇండ్లలో పొయ్యి వెలుగక పోవునో తలచుకొందురు గాక.

ముందు వృత్తాంతము. 1951 నాటి బొంబాయి పోలీసు చట్టమును 2005లో సవరించి, 33ఏ, 33బీ అను రెండు విభాగములను చేర్చిరి. నాటి హోంమంత్రి ఆర్. ఆర్. పాటిల్ గారు ఈ నిషేధమునకు ముఖ్య ప్రవర్తకులు. మొదటి విభాగము భోజనశాలలలో, పర్మిట్ రూములలో, బీరు బార్లలో నృత్యమును నిషేధించినది. రెండవది నాటకశాలలను, సభ్యులకు మాత్రమే ప్రవేశము గల క్లబ్బులను, మూడు నక్షత్రములును అంతకు మించిన స్థాయియు గల హోటళ్ళను మినహాయించినది. అనగా వెల హెచ్చిన చోట కళయైనది, వెల తగ్గిన చోట నేరమైనది. కూలివాని కన్ను చెడ్డదనియు, ధనికుని కన్ను మంచిదనియు శాసనము తీర్పు చెప్పినట్లయినది.

మరియొక విశేషము గమనింపదగినది. ఆ మద్యశాలలలో నృత్యము ఆగినది గాని మద్యము ఆగలేదు. సీసాపై వచ్చు సుంకము ఖజానాకు చేరుచునే యుండెను. కుటుంబములు చెడుచున్నవన్నదే నిషేధమునకు కారణమైనచో, కూలి డబ్బు కరగిపోవు బల్లను విడిచి, ఆ గదిలో తన కూలికై ఆడుచున్న స్త్రీని మాత్రము వెలివేయుట ఏమి న్యాయము?

బొంబాయి ఉన్నత న్యాయస్థానము 2006 ఏప్రిల్‌లో ఈ నిషేధమును కొట్టివేసినది. 2013 జూలై 16న సుప్రీంకోర్టు ఆ తీర్పును స్థిరపరచుచు, నిషేధము వలన ఉపాధి కోల్పోయిన స్త్రీలలో కొందరు అంతకన్న హీనమైన గతికి నెట్టబడిరని గుర్తించినది. ప్రభుత్వము 2014లో మరల సవరణ తెచ్చినది. సమానత్వము లేదన్న ఆక్షేపణకు సమాధానముగ నక్షత్ర హోటళ్ళ మినహాయింపును తొలగించి, నిషేధమును అందరికిని సమానము చేసినది! 2015లో సుప్రీంకోర్టు దానిని నిలిపివేయగా, 2016లో అశ్లీల నృత్య నిషేధమును, స్త్రీల గౌరవ రక్షణను పేర్కొనుచు వేరొక చట్టము వచ్చినది.

ఇక మధురవాణి. కన్యాశుల్కము 1892లో విజయనగరమున తొలుత ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో విస్తృత రూపము దాల్చినది. అందు సౌజన్యారావు పంతులు సచ్చరిత్రుడు, సంస్కర్త. వేశ్యల ముఖము చూడనొల్లడు. కాని లుబ్ధావధానుల చిక్కును విడదీయు సత్యము మధురవాణి యొద్దనే కలదు. ఆమె పురుషవేషమున గాని ఆయన ఇంట అడుగిడజాలదు. సంస్కర్తను గురజాడవారు పరిహసింపలేదు. ఎవరిని ఉద్ధరింపదలచెనో వారి మాట వినని సంస్కారము సగము గ్రుడ్డిదని మాత్రము చూపిరి.

ఈ గ్రుడ్డితనము మన చరిత్రలోను కలదు. బాలికలను దేవాలయములకు అంకితము చేయుటను మద్రాసు ప్రభుత్వము 1947 నాటి చట్టముతో నిషేధించినది. ఆ దురాచారము పోవలసినదే. కాని దురాచారముతోపాటు కలావంతుల నాట్యమును కూడ సంఘము ఈసడించినది. పిదప నటరాజ రామకృష్ణగారు ఆంధ్రనాట్యమును పునరుద్ధరింపబూనినప్పుడు, ఆ వంశముల వృద్ధ కళాకారిణుల యొద్దకే పోవలసి వచ్చినది. మహారాష్ట్రపు బార్లలో ఆడినవారిలోను నట్, బేడియా వంటి ఆటపాటల కులముల స్త్రీలు ఉన్నారు. పూర్వము ఆదరించిన దొరలు పోయిరి, జీవనము కొరకు వారు నగరమునకు వచ్చిరి. ఆదరువు తప్పి ఊరు విడిచిన నేతగానికి ఈ కథ క్రొత్త కాదు.

ఇండ్లలోని స్త్రీల మొర అసత్యమని మేము చెప్పుట లేదు. పండ్రెండు గంటలు మగ్గము కడ నిలిచి తెచ్చిన కూలి ఒక రాత్రిలో పోయిన ఇల్లాలి దుఃఖము నిజమైనది. అయితే 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల ఉద్యమము మనకు దారి చూపగలదు. వారు సారా దుకాణమును మూయించిరి, సారా వేలమును ప్రశ్నించిరి. తమ ఇంటి ధనము ఎచ్చటికి పోవుచున్నదో వారెరుగుదురు; తమవంటి మరియొక స్త్రీపై కోపము చూపలేదు.

2019 జనవరి 17న సుప్రీంకోర్టు 2016 చట్టమును పరిశీలించి, దేవాలయ విద్యాలయములకు ఒక కిలోమీటరు దూరము ఉండవలెనను నియమమును, లోపల కెమెరాలు పెట్టవలెనను నియమమును త్రోసివేసినది. సాయంకాలము ఆరు గంటల నుండి రాత్రి పదునొకండున్నర వరకను వేళను నిలిపినది. బహుమానము చేతికి ఈయవచ్చును గాని నోట్లు విసరరాదన్నది. పని ఒప్పందము వ్రాతలో ఉండవలెనన్న షరతును కూడ నిలిపినది. మా దృష్టిలో ఈ కడపటి మాటయే మిక్కిలి విలువైనది. ఒకరిని చూడరాదని కన్నులు మూసికొనుట వేరు. వారి కూలికి, వారి మానమునకు హామీ నిచ్చుట వేరు. మొదటిది నిషేధము, రెండవది నియంత్రణము.

ఇది చదువు భివండి సోదరులను ఒక్కటి అడుగుచున్నాము. మన మరమగ్గముల శాలలలో ఎందరికి అట్టి వ్రాత కలదు? నర్తకికి న్యాయమైనది నేతగానికిని న్యాయమే. ఆమెను నిందించుటకు ముందు ఆమెకు దొరకిన ఆ కాగితమును మనమును కోరుట మేలు. మధురవాణి మారువేషము లేకుండ సౌజన్యారావు గుమ్మమెక్కగల నాడే సంస్కారము సంపూర్ణమగును.