దుబాసీ మీద అభియోగం

గేట్‌వే అంటే రెండు నెట్‌వర్కుల మధ్య కూర్చున్న దుబాసీ అని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. ఆ దుబాసీ మీద 1982 సెప్టెంబరులోనే అమెరికాలోని మైటర్ కార్పొరేషన్‌కు చెందిన ఎం. ఎ. పాడ్లిప్‌స్కీ గట్టి అభియోగం మోపారు. వ్యాసం పేరు ‘గేట్‌వేస్, ఆర్కిటెక్చర్స్ అండ్ హెఫలంప్స్’. ఇంటర్నెట్ నిర్మాతల ఆర్.ఎఫ్.సి. పత్రాల వరుసలో దాని సంఖ్య 875. హెఫలంప్ అనేది ఎ. ఎ. మిల్న్ పిల్లల కథలో వచ్చే ఊహాజంతువు. దాన్ని పట్టాలని గొయ్యి తవ్వితే, తవ్వినవాడే అందులో చిక్కుకుంటాడు. భిన్నమైన ప్రోటోకాళ్ల మధ్య చక్కగా అనువదించే గేట్‌వే కూడా అలాంటిదేనని ఎత్తిపొడుపు.

ఆయన వాదన బలం తెలియాలంటే ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. ‘క’ అనే కంప్యూటర్ ఒక ఫైలును ముక్కలు చేసి ‘చ’కు పంపుతోందనుకోండి. రెండింటిదీ ఒకే ప్రోటోకాల్ అయితే, అందిన మేరకు ‘చ’ స్వయంగా రసీదు పంపుతుంది. దారిలో ఒక తీగ తెగినా ముక్కలు మరో దారిన పోతాయి. ప్రోటోకాళ్లు వేరైతే గేట్‌వే నడుమ నిలిచి, ‘చ’ తరఫున తానే రసీదు ఇచ్చేస్తుంది. ఆ మరుక్షణం దానికి కరెంటు పోతే? ‘క’ దగ్గర రసీదు ఉంటుంది, ‘చ’ దగ్గర ఫైలు ఉండదు! ప్రత్యామ్నాయ మార్గాలు ఎన్ని ఉన్నా లాభం లేదు, రెండు సంభాషణల జ్ఞాపకమూ ఆ ఒక్క పెట్టెలోనే ఉంది గనుక.

ఒక ప్రోటోకాల్‌లోని సౌకర్యం రెండోదానిలో లేకపోతే దాన్ని వదిలేయక తప్పదనీ ఆయన అంటారు. అనువాదం వృత్తిగా ఉన్న నాకు ఈ మాట ఎవరూ చెప్పనక్కర్లేదు. మన ‘మేము’, ‘మనం’ ఇంగ్లీషులో ఒక్కటైపోతాయి. అటునుంచి ఇటు వచ్చేటప్పుడు ఏదో ఒకటి ఊహించాల్సిందే.

తీర్పు సరైనదే. కానీ అందరూ ఒకే ప్రోటోకాల్‌కు మారడమే మేలన్న మాట, మారే స్తోమత ఉన్నవారికి చెప్పినట్టుంది. 1986లో మొదలైన మన ఎర్నెట్‌లో తొలినాళ్ల ఈ-మెయిల్ ఫోన్ లైన్ల మీద యూయూసీపీ పద్ధతిలో నడిచింది. ఇంటర్నెట్‌తో ఉత్తరాలు మార్చుకోవాలంటే గేట్‌వేనే దిక్కు. చిక్కులు లేకపోలేదు. ‘ఢిల్లీ!సీత@బొంబాయి’ అన్న చిరునామాను యూయూసీపీ చదివితే ఉత్తరం ముందు ఢిల్లీకి పోవాలి, ఇంటర్నెట్ చదివితే బొంబాయికి. అయినా ఉత్తరం గంట ఆలస్యంగా వచ్చినా ఉత్తరమే. ఈ ఓర్పుకు ఆయన తగినంత విలువ ఇవ్వలేదు. పైగా ఎదుటి పక్షం మనస్తత్వాన్ని విశ్లేషించడానికి పూనుకోవడంతో, వాదన ఎక్కడ ఆగిందో వెటకారం ఎక్కడ మొదలైందో కొత్త పాఠకుడికి తెలియదు.

2011లో ప్రమాణంగా వచ్చిన నాట్64, ఐపీవీ6 ప్యాకెట్లను ఐపీవీ4లోకి మారుస్తుంది. రెండూ తోబుట్టువుల్లాంటివి. పైనున్న టీసీపీ అదే కాబట్టి రసీదులు చివరిదాకా నిజమైనవే. అయినా ఐపీవీ4 అంకెలను తమలో నేరుగా రాసుకున్న యాప్‌లు పనిచేయలేదు. 2013 నాటి 464ఎక్స్‌లాట్ పత్రం అందుకు చూపిన మార్గం, ఫోన్‌లోనే ఇంకో దుబాసీని పెట్టడం. ఇక ఎవరి సంభాషణ ఎవరిదో రాసుకున్న పట్టిక ఇప్పటికీ నడుమనున్న నాట్64 పెట్టెలోనే ఉంటుంది.