పోసిన మందును తీయగలరా?

గుండె ఆపరేషన్ థియేటర్లో నా కుర్చీ పంపు పక్కన. రోగి రక్తం గొట్టాల్లోకి వచ్చి, ఆక్సిజన్ నింపుకుని మళ్లీ ఒంట్లోకి చేరేదాకా పూచీ నాది. ప్లాస్టిక్ తగిలితే రక్తం గడ్డకడుతుంది. అందుకని ముందే హెపారిన్ ఇస్తారు, కిలో బరువుకు 300 నుంచి 400 యూనిట్లు. గడ్డకట్టే సమయం 480 సెకన్లు దాటిందని మిషను చూపిస్తేగానీ నేను పంపు తిప్పను.

పని ముగిశాక విరుగుడు ప్రొటమిన్. సాల్మన్ చేప వీర్యంలో దొరికిన పదార్థం. దానిది ధనావేశం, హెపారిన్‌ది ఋణావేశం. రెండూ పెనవేసుకుంటాయి. మత్తు డాక్టరు "ప్రొటమిన్ మొదలెట్టా" అనగానే నేను సక్షన్ ఆపేస్తాను. ఆ మందు కలిసిన రక్తం వెనక్కొస్తే పంపు గొట్టాల్లో గడ్డే. ఇక అందరి చూపూ బీపీ మీదే, కొందరికి ఉన్నట్టుండి పడిపోతుంది. మా అమ్మమ్మ బురదనీళ్లలో చిల్లగింజ అరగదీసి కలిపేది, మట్టి అడుక్కి దిగేది. ఒంట్లో అలా దిగడానికి అడుగెక్కడుంది?

కొన్నేళ్ల కిందట ఓ రాత్రి గుండెపోటుతో ఒకాయన వచ్చాడు. దారిలో ఎక్కడో ప్లేట్‌లెట్లను అడ్డుకునే టికాగ్రెలార్ 90 మిల్లీగ్రాముల బిళ్లలు రెండు మింగించారు. తప్పేం కాదు, పద్ధతే అది. తీరా యాంజియో చూస్తే స్టెంటుతో తేలే పని కాదు, ఆపరేషనే చేయాలి. మామూలుగా దానికి ముందు ఆ బిళ్ల ఆపి మూడు నుంచి ఐదు రోజులు ఆగాలి. ఆయనకంత వ్యవధి లేదు. ప్రొటమిన్ దీని జోలికి పోదు. కుట్టు వేసిన ప్రతిచోటా రక్తం ఊరుతూనే ఉంది. ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే రక్తంలో తిరుగుతున్న మందు వాటినీ పట్టుకుంది. తెల్లారి బయటికొచ్చేసరికి ఆయన భార్య అడిగింది: "పోసిన మందే కదా నాయనా, తీసెయ్యలేరా?"

డయాలసిస్‌కి అది లొంగదు, 99 శాతం పైగా ప్రొటీన్లను అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ పూట నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు సగం జవాబుంది. పంపుకి పక్కదారిలో 300 మిల్లీలీటర్ల డబ్బా తగిలిస్తారు. లోపల పాలిస్టైరిన్ జాతి పూసలు, ఆవగింజ కన్నా చిన్నవి. రక్తంతో పేచీ రాకుండా వాటిమీద మరో పాలిమర్ పూత. పూస నిండా సన్నటి రంధ్రాలు. వాటి లోపలి గోడలన్నీ పరిస్తే 40,000 చదరపు మీటర్ల పైమాటే, మన లెక్కలో పదెకరాలు! రక్తకణాలు ఆ రంధ్రాల్లో పట్టవు, పూసల సందుల్లోంచి సాగిపోతాయి. నీళ్లంటే గిట్టని మందు అణువులు మాత్రం గోడలకు అతుక్కుంటాయి. విడిగా ఉన్న కాసినీ పోగానే ప్రొటీన్లు మరికొన్ని వదులుతాయి, అవీ పూసల పాలే.

2020లో యూరప్ ఈ పనికి అనుమతిచ్చింది, టికాగ్రెలార్‌తోపాటు రివరాక్సబాన్‌కీ. మొదటిది ప్లేట్‌లెట్ల మందు, రెండోది గడ్డకట్టే ప్రొటీన్ల మందు. ఇళ్లలో మాత్రం రెండూ 'రక్తం పలచబడే బిళ్లలే'. అమెరికా, కెనడాల్లో 140 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. మొత్తం మీద అనుకున్న గెలుపు దక్కలేదు, ఒట్టి బైపాస్ కేసుల్లో రక్తస్రావం తగ్గినట్టు కనిపించింది. నాకు ఆశ్చర్యమనిపించలేదు. రక్తం కారడానికి మందొక్కటే కారణమా? పైగా పూసలకు మనా పరా లేదు, కొన్ని యాంటీబయాటిక్స్‌నీ లాగేస్తాయి. ధర సంగతి సరేసరి.

కేసయ్యాక డబ్బా విప్పి ఎర్ర సంచిలో వేస్తాం. పూసలన్నీ ఎర్రగా తడిసి ఉంటాయి. మింగిన బిళ్లల్లో ఎంత వాటిలో చిక్కిందో కంటికి తెలియదు.