గడులు, బాణములు

సాలూరు వంటి జమీందారీ గ్రామములకు లెక్కల మార్పిడి కొత్త కాదు. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో అవి రైత్వారీలోనికి వచ్చినప్పుడు కొత్త రికార్డులు వ్రాయవలసి వచ్చినది. ఇప్పుడా రికార్డులు కంప్యూటరు కెక్కినవి. కాగితము మీది గడులను యంత్రములోనికి దించుట సులభమే. ఒక్కొక్క గడిలోనికి సమాచారము ఎక్కడి నుండి వచ్చునో గుర్తించుటయే కష్టము.

1-బి రిజిస్టరు పట్టాదారు నెవరో చెప్పును. అందులోని మార్పులు క్రయ దస్తావేజుల నుండి, వారసత్వము నుండి వచ్చును. అడంగలు సంగతి వేరు. అది పొలము నుండి వచ్చును: ఈ పంటకాలమున దున్నినదెవరు? వేసినదేమి? విద్యార్థులు ఈ రెండింటిని బాణపు గుర్తులతో గీచి చూచినచో, ఒకదాని నుండి ఇంకొకటి పుట్టదని తేలును.

తెలంగాణలో 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి ఈ రెండవ ప్రవాహమును విడిచినది; పహాణీలో అనుభవదారు గడి లేకపోయెను. ఆ గడియే తగాదాలకు మూలమను వాదన కలదు. కొంత నిజమే కావచ్చును. కాని గడి తీసినంత మాత్రాన పొలములోని కౌలుదారు లేకుండ పోడు. 2025లో ధరణి స్థానమున భూభారతి వచ్చినది.

సాలూరు పరిసరముల ఏజెన్సీ గ్రామములలో మరొక చిక్కు కలదు. 1/70 చట్టము ప్రకారము అచటి భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదు. కావున రిజిస్ట్రేషను నుండి 1-బికి పోవు బాణము మధ్యలో ఈ తనిఖీ ఉండవలెను. పటములో దానిని గీయనిచో యంత్రము తనంతట తాను అడుగదు.