సైనికుని యిల్లు – మన చలనచిత్రాలు

యుద్ధాన్ని వస్తువుగా తీసుకున్న తెలుగు చిత్రాలను చూస్తున్నప్పుడు నాకు ఒక సందేహం కలుగుతూ వుంటుంది. సైనికుడు ఎక్కడ పోరాడాడో, ఎవరిని ప్రేమించాడో యీ చిత్రాలు చెపుతాయి. అతడు పటాలంలో చేరిన నాడు యింట్లో గింజలు వున్నాయా, వెళ్లిన తరువాత ఆ సంసారం ఎట్లా గడిచింది అన్న ప్రశ్న మాత్రం వేసుకోవు. యీ మౌనం వెనుక ఒక వర్గదృష్టి వున్నదని నా అభిప్రాయం.

2015లో క్రిష్ దర్శకత్వంలో వచ్చిన ‘కంచె’నే తీసుకుందాం. రెండవ ప్రపంచయుద్ధంలో పోరాడిన మన సైనికుణ్ణి తెరమీదికి తెచ్చిన చిత్రం అది. తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ బహుమతి పొందింది. 1944 నాటి ఇటలీ రణరంగాన్నీ, ఊళ్లో కులాల మధ్య లేచిన కంచెనూ పక్కపక్కన నిలబెట్టడం నిజంగా మెచ్చదగిన ఆలోచన. కాని హరిబాబు సైన్యంలో చేరిక వెనుక వున్నది ప్రేమకథ. చరిత్రలో ఆ యుద్ధానికి యీ దేశంనుంచి 25 లక్షల మందికి పైగా వెళ్లారు. నిర్బంధ సైనిక చట్టం లేదు కనుక వారంతా స్వచ్ఛందంగా చేరినవారేనని సర్కారు లెక్క. ఆ ‘స్వచ్ఛందం’ అనే మాటను విప్పి చూస్తే లోపల అప్పు కనిపిస్తుంది, పని దొరకని వేసవి కనిపిస్తుంది, యింట్లో తినే నోరు ఒకటి తగ్గితే చాలుననుకున్న తల్లిదండ్రులు కనిపిస్తారు. ప్రేమ విఫలమై పటాలంలో చేరినవారూ వుండవచ్చు. వారితో 25 లక్షలు నిండవు.

2022లో హను రాఘవపూడి తీసిన ‘సీతారామం’ యింతకంటె నేర్పుగల రచన. సైనికుడికీ ఉత్తరానికీ వున్న సంబంధాన్ని అది పట్టుకున్నది. యిరవై యేళ్లు ఆలస్యంగా చేరే ఉత్తరం అన్న ఊహలో యుద్ధం సంసారాలకు చేసే అన్యాయమంతా యిమిడి వుంది. అయినా ఆ లెఫ్టినెంటు రాము అనాథ! జీతం ఎవరికి పంపాలన్న చిక్కు అతనికి లేదు. రెండు చిత్రాలలోనూ నాయిక పేరు సీత, రెండు చోట్లా ఆమె రాచకుటుంబపు ఆడపిల్ల. నిరీక్షణ ఆమెకు గుండెకోత అవుతుంది గాని, పూట గడవని కష్టం కాదు. 2020లో వచ్చిన ‘సరిలేరు నీకెవ్వరు’లో కర్నూలులోని ఒక సైనికుడి కుటుంబం కనిపించిన మాట నిజమే. నాయకుడు వచ్చి కాపాడడానికి తప్ప ఆ కుటుంబానికి వేరే పని కల్పించలేదు.

మా అమ్మమ్మ కథ యిక్కడ చెప్పడం అప్రస్తుతం కాదనుకుంటాను. తాతయ్య 1942లో పటాలంలో చేరి బర్మా సరిహద్దుకు వెళ్లాడు. జీతంలో కొంత భాగం నెలనెలా మనియార్డరుగా యింటికి వచ్చేది. వేలిముద్ర వేసి పుచ్చుకున్నది మామగారు. ఆ డబ్బుతో ఎకరం పాతిక సెంట్లు కొన్నారు, బావగారి పేరున. 1946లో తాతయ్య తిరిగివచ్చి, తన జీతంతో కొన్న చేలోనే అన్నగారికి కౌలుదారు అయ్యాడు. యుద్ధం గురించి ఆయన యింట్లో మాట్లాడేవాడు కాదు. చేను గురించి అమ్మమ్మ చచ్చేదాకా మాట్లాడింది. నాకు యుద్ధం తెలిసింది ఆమె వల్లనే.

యిది మా ఒక్క యింటి సంగతి అనుకోరాదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కడినుంచి మగవాళ్లు వెళ్లారు. ఊరి పేరే మిలిటరీ మాధవరం అయిపోయింది. అక్కడి ఆడవాళ్లు తరతరాలుగా ఏ లెక్కలతో సంసారాలు నడిపారో చెప్పే చిత్రం నేను చూడలేదు. హైదరాబాదు సంగతీ అంతే. 1941 డిసెంబరులో మలయాలోని కోటబారు విమానాశ్రయం కాపలాలో నిజాం సంస్థానపు పదాతి దళం వుంది. మరుసటి ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయినప్పుడు వేలాది భారతీయ సైనికులు ఖైదీలైనారు. బతికి వున్నాడో లేడో తెలియని మనిషికి భార్య బొట్టు వుంచుకోవాలా, తీసెయ్యాలా? యింతకంటె నాటకీయమైన సన్నివేశం కోసం కథకులు కాశ్మీరం దాకా పోనక్కరలేదు.

కవిత్వం యీ విషయంలో సినిమాకంటె ముందుంది. దేవరకొండ బాలగంగాధర తిలక్ ‘సైనికుడి ఉత్తరం’ వ్రాశాడు. రణరంగంలో వున్నవాడు యింటివైపు తిరిగి మాట్లాడడమే ఆ కావ్యరూపం. తిలక్ వూరు తణుకు, మాధవరానికి ఎంతో దూరం లేదు. కాని అక్కడకూడా ఉత్తరం వ్రాసేది మగవాడే. జవాబు మన సాహిత్యానికి యింకా బాకీ వుంది.

నిర్మాతలకు డబ్బు చాలదన్న వాదం కొందరు తెస్తారు. ఇటలీ యుద్ధాన్ని జార్జియాలో తీయడానికి చాలిన డబ్బు, మనియార్డరు పుచ్చుకునే ఒక అరుగును చూపడానికి చాలదా? నేను వుండే యూసుఫ్‌గూడ పక్కనే కృష్ణానగర్. తెరమీద వెనుక వరుసలో నిలబడే సైనికుల్లో చాలామంది ఆ సందుల్లోని జూనియర్ ఆర్టిస్టులు. దినకూలికి యూనిఫారం తొడుక్కుని, కెమెరాకు దూరంగా పడి చనిపోయి, సాయంత్రం ఏజెంటు చేతిలో పెట్టింది తీసుకుని యింటికి పోతారు. అద్దెకూ పిల్లల ఫీజులకూ ఆ కూలి ఎట్లా సరిపెట్టాలో లెక్కవేసేది వారి భార్యలే. పటాలం సిపాయి భార్య వేసుకున్న లెక్కలు ఎట్లాంటివో తెలుసుకోవాలంటే దర్శకుడు తన సెట్టు దాటి పోనవసరం లేదు.

అదే యూసుఫ్‌గూడలో తెలంగాణ ప్రత్యేక పోలీసు మొదటి పటాలం వుంది. 2024 అక్టోబరులో రాష్ట్రంలోని యిటువంటి పటాలాల కానిస్టేబుళ్ల భార్యలు పిల్లలను చంకనేసుకుని రోడ్ల మీదికి వచ్చారు. మా మగవాళ్లను ఒకచోట వుండనివ్వరా, ఒకే పోలీసు విధానం పెట్టరా అని అడిగారు. అక్కడ యుద్ధం లేదు, శత్రువు లేడు. అడిగినది మాత్రం మా అమ్మమ్మ అడగలేక పోయిన ప్రశ్నే. కొందరు కానిస్టేబుళ్ల ఉద్యోగాలు పోయాయి, మరి కొందరు సస్పెండయ్యారు. ఆ పటాలం గేటునుంచి ఫిలింనగర్ కొండకు ఆటోలో ఎంతోసేపు పట్టదు.